పాట నోటికి రాకుండా వేలికి రాదు

(ఒక ఆదివారం సాయంత్రం హైదరాబాదులో గిటార్ నేర్చుకుంటున్న మిత్రుల ముందు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. వాయించి చూపించిన చోట్ల ఫ్రెట్ నంబర్లు, అంటే గిటార్ మెడ మీద గడుల లెక్క, మాటల్లోనే వచ్చేశాయి కాబట్టి విడిగా ఏమీ కలపలేదు.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, నేనేమీ ప్రశ్నలు అడగను. అడుగుతానేమో, చెప్పలేను. రండి రండి.

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను సంగీతం చదువుకున్నవాణ్ణి కాదు. పగలు ఆఫీసు, రాత్రి గిటార్, మధ్యలో ఇంట్లోవాళ్ళ చేత తిట్లు. పన్నెండేళ్ళుగా జాజ్ వాయిద్దామని చూస్తున్నాను. అందులో మొదటి ఐదేళ్ళు దాదాపు గాలికి పోయాయి. అవి ఎలా పోయాయో చెబితే మీకు రెండేళ్ళయినా కలిసొస్తాయని వచ్చాను, అంతకుమించి నా దగ్గర పెద్ద విద్యేమీ లేదు.

ఆ ఐదేళ్ళూ ఏం చేశాను? స్కేల్స్. మోడ్స్. ఆర్పెజియోలు. అన్నీ స్వరాల వరసలే. డోరియన్ అనీ, మిక్సోలిడియన్ అనీ, ఆల్టర్డ్ అనీ గోడ మీద చార్టులు అంటించుకుని మరీ సాధన చేశాను. మీలో ఎంతమంది చేస్తున్నారు ఇదే పని? చేతులెత్తండి. సిగ్గుపడకండి, నేనూ ఎత్తాను చూడండి. సరే. ఇప్పుడు ఇంకో ప్రశ్న. మీలో ఎంతమంది ఒక్క స్టాండర్డ్, అంటే జాజ్ వాళ్ళందరూ వాయించే పాత పాట, ఒక్కటంటే ఒక్కటి, కాగితం చూడకుండా మొదటి నుంచి చివరి దాకా ట్యూన్ మాత్రం వాయించగలరు? సోలో వద్దు, ట్యూన్ చాలు. ...చూశారా, చేతులు ఎలా దిగిపోయాయో.

నాకూ అలాగే దిగింది, కాకపోతే నాకు జనం ముందు దిగింది. ఒక కఫేలో శనివారం రాత్రి నలుగురం కలిసి వాయిస్తున్నాం. ఆ రోజు పాడటానికి కొత్తగా ఒక అమ్మాయి వచ్చింది. 'ఆటమ్ లీవ్స్' అనుకున్నాం, జాజ్ నేర్చుకునేవాళ్ళందరూ మొదట పట్టుకునే పాట అదే కదా. నేను జీ-మైనర్‌లో నేర్చుకున్నాను. ఆ అమ్మాయి, "అన్నా, నాకు ఈ శ్రుతి ఎక్కువైపోతుంది, ఈ-మైనర్‌లో వాయిద్దామా? ముందు ట్యూన్ ఒకసారి మీరు వాయించేయండి, తర్వాత నేను అందుకుంటాను" అంది. అడిగింది చాలా చిన్న విషయం. మూడు ఫ్రెట్‌లు కిందికి జరగడం, అంతే. నేను తలూపాను. బేస్ వాయించేవాడు మొదలెట్టేశాడు. నాకు చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

ఎందుకు తెలియలేదు? నేను ఆ పాటని ట్యాబ్ చూసి నేర్చుకున్నాను, అంటే ఏ తీగ మీద ఏ ఫ్రెట్ నొక్కాలో అంకెల్లో రాసిన కాగితం. మూడో తీగ ఖాళీగా మీటి, తర్వాత 2, తర్వాత 3, ఆపైన రెండో తీగ మీద 4. నాకు తెలిసిన పాట అది, నాలుగు అంకెలు. ఖాళీ తీగతో మొదలయ్యేదాన్ని మూడు ఫ్రెట్‌లు కిందికి ఎలా జరుపుతారు? ఖాళీ తీగ కింద ఇంకేముంది, గిటార్ తల ఉంది! ఈ-మైనర్‌లో అది నాలుగో తీగ 2వ ఫ్రెట్ దగ్గర మొదలవ్వాలి, మొత్తం ఆకారమే మారిపోతుంది. నేను ఏదో తడుముకుంటూ రెండు లైన్లు వాయించి, తల వంచుకుని కార్డ్స్‌లోకి, అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మీటడంలోకి జారిపోయాను. ఆ అమ్మాయి మంచిది, నవ్వి తనే పాడేసింది. గోడ మీద చార్టులన్నీ ఇంటికెళ్ళాక ఆ రాత్రే చింపేశానని చెబితే బాగుంటుంది గానీ, చింపలేదు. ఇంకో ఆరు నెలలు ఉన్నాయి.

అసలు స్టాండర్డ్ అంటే ఏమిటి? మనం ఆ మాట వినగానే ఏదో పరీక్ష సిలబస్ అనుకుంటాం. అవి వాళ్ళ సినిమా పాటలండీ. చాలావరకు 1920ల నుంచి 50ల దాకా అమెరికాలో బ్రాడ్‌వే నాటకాలకీ, సినిమాలకీ కట్టిన పాటలు. కొన్ని జాజ్ వాళ్ళే రాసుకున్నవి కూడా ఉన్నాయి, అది వేరే సంగతి. జెరోమ్ కెర్న్ 1939లో ఒక నాటకానికి 'ఆల్ ద థింగ్స్ యూ ఆర్' అనే పాట కట్టాడు. నాటకం రెండు నెలలు కూడా ఆడలేదు, 59 ప్రదర్శనలతో మూట కట్టేశారు. మన 'ఆటమ్ లీవ్స్' అమెరికాది కూడా కాదు, ఫ్రాన్స్‌ది. జోసెఫ్ కోస్మా అని, హంగేరీలో పుట్టి పారిస్ చేరిన సంగీత దర్శకుడు, ఆయన ట్యూన్. జాక్ ప్రెవేర్ అనే కవి మాటలు. 1946లో ఒక సినిమాలో వచ్చింది. ఆ సినిమా కూడా పోయింది! తర్వాత జానీ మెర్సర్ ఇంగ్లీషులో తన మాటలు రాశాడు, అప్పుడు ప్రపంచమంతా తిరిగింది. సినిమా పోయి పాట మిగలడం మనకి కొత్తా? మన ఇళ్ళల్లో అలాంటి పాటలు ఎన్ని లేవు?

ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఆ రోజుల్లో అక్కడి గిటారిస్టుకి ఈ పాటలు రేడియోలో వినీ వినీ నోటికి వచ్చేసి ఉండేవి. పొద్దున్న పళ్ళు తోముకుంటూ కూనిరాగం తీసే పాట అది వాళ్ళకి. మీరు చూడండి, మీకు ఘంటసాల పాట ఒకటి గిటార్ మీద వాయించమంటే, కాగితం అడుగుతారా? ఎక్కడో ఒక స్వరం పట్టుకుని, తప్పుతూ, దిద్దుకుంటూ పది నిమిషాల్లో పట్టేస్తారు. తప్పు ఎక్కడుందో మీ చెవికి తెలుసు కదా. అదే స్టాండర్డ్ అనగానే కాగితం తీస్తాం. వినని పాటని కాగితం మీద నుంచి నేరుగా వేళ్ళలోకి దించుదామని చూస్తాం, మధ్యలో నోరు ఒకటి ఉందని మర్చిపోతాం.

కాగితం అంటే గుర్తొచ్చింది, రియల్ బుక్, స్టాండర్డ్స్ ట్యూన్‌లూ కార్డ్స్ రాసి ఉండే పుస్తకం. అందరి దగ్గరా పీడీఎఫ్ ఉంటుంది, ఉంది కదా? 1970లలో బోస్టన్‌లో బర్క్‌లీ కాలేజీ కుర్రాళ్ళు కాపీరైట్ గొడవ పట్టించుకోకుండా దొంగచాటుగా తయారుచేసిన పుస్తకం అది. ముప్పై ఏళ్ళు జెరాక్స్‌ల మీద బతికింది. 2004లో గానీ హక్కులు కట్టి పద్ధతిగా అచ్చు కాలేదు. మంచి పుస్తకమే, నేనూ వాడతాను. కానీ అందులో ఉండేది పాట అస్థిపంజరం. స్వరాలు ఠంచనుగా ఒక్కో బీట్ మీద ఒక్కోటి కూర్చుని ఉంటాయి. ఏ గాయకుడూ అలా పాడడు. అందుకని ముందు వినండి. 'ఆటమ్ లీవ్స్' నాట్ కింగ్ కోల్ పాడింది వినండి. 1958లో కానన్‌బాల్ యాడర్లీ రికార్డులో మైల్స్ డేవిస్ ట్రంపెట్ మీద అదే ట్యూన్ ఎలా అన్నాడో వినండి. ఎన్ని తక్కువ స్వరాలు, మధ్యలో ఎంత ఖాళీ! వారం రోజులు గిటార్ ముట్టుకోకుండా వినమంటాను నేను. బస్సులో వినండి, మెట్రోలో వినండి. కూనిరాగం దానంతటదే వచ్చేదాకా వినండి.

మనవాళ్ళ ఉదాహరణ ఒకటి చెబుతాను. మన పాలకొల్లు శ్రీనివాస్, మాండొలిన్ శ్రీనివాస్. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండొలిన్ వాయించడం రాదు. మరి ఎలా నేర్పారు? పాడేవారు. ఆయన పాడింది ఈ పిల్లాడు తీగ మీద వెతికి పట్టుకునేవాడు. ఏ వేలు ఎక్కడ పెట్టాలో చెప్పేవాళ్ళు లేరు. ఆ పిల్లాడే పెద్దయ్యాక జాన్ మెక్‌లాఫ్లిన్ లాంటి జాజ్ గిటారిస్టు పక్కన కూర్చుని వాయించాడు. వేళ్ళు చూపించే గురువు లేకపోవడం కూడా ఒక్కోసారి మేలే చేస్తుందేమో అనిపిస్తుంది నాకు. మన యూట్యూబ్ గురువులేమో వేళ్ళు తప్ప ఇంకేమీ చూపించరు.

సరే, ఇక పనిలోకి వద్దాం. గిటార్ ఇలా ఇవ్వండి.

ట్యూన్ నోటికి వచ్చింది అనుకుందాం. ఇప్పుడు ఒక్క తీగ మీద వాయించండి. ఒక్క తీగే. రెండో తీగ, బీ తీగ. జీ-మైనర్‌లో మొదటి లైన్: 8, 10, 11, అక్కడి నుంచి ఎగిరి 16. కటవే, అంటే మెడ పక్కన చెయ్యి పట్టే కోత, లేని అకౌస్టిక్ ఉన్నవాళ్ళకి 16 కొంచెం కష్టం, చెయ్యి మెలి పెట్టండి, ఏం కాదు. రెండో ముక్క: 6, 8, 10, ఎగిరి 15. మూడోది: 4, 6, 8, ఎగిరి 13. నాలుగోది: 3, 5, 7, ఎగిరి 11.

ఏం కనిపించింది? మూడు మెట్లు ఎక్కడం, ఒక గెంతు. మళ్ళీ ఒక మెట్టు కిందికొచ్చి అదే పని, మళ్ళీ మెట్టు దిగి మళ్ళీ అదే. నాలుగుసార్లూ ఒకటే మాట. ఇప్పుడు గెంతులు లెక్కపెట్టండి. 11 నుంచి 16 అంటే ఐదు. 10 నుంచి 15, ఐదు. 8 నుంచి 13, ఐదు. 7 నుంచి 11? నాలుగు! చివరి గెంతు ఒక ఫ్రెట్ తక్కువ. పాటలో ఆ చోట కొంచెం గుండె బరువెక్కినట్టుంటుంది కదా, అది ఇక్కడుంది, ఈ ఒక్క ఫ్రెట్‌లో. ఆరు తీగల మీద అడ్డదిడ్డంగా వాయించినన్నాళ్ళూ ఇది నాకు కనపడలేదు. ఐదేళ్ళు వాయించానండీ ఆ పాట! ఒక్క తీగ మీద పెట్టేసరికి రూళ్ళకర్ర పెట్టి గీసినట్టు కనపడింది.

ఇక్కడ సంగీతం నేర్చుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? గాత్రం, వీణ... ఆ, మీరా అమ్మా, మంచిది. జీ ని 'స' అనుకుందాం. మొదటి ముక్క స రి గ, ద. రెండోది కింది ని స రి, ప. మూడోది కింది ద ని స, మ. నాలుగోది కింది ప ద ని, గ. మొదటి మూడూ నఠభైరవి స్వరాలే. నాలుగో ముక్కకి వచ్చేసరికి ద, ని రెండూ ఒక్కో మెట్టు పైకి జరుగుతాయి, అంటే గౌరీమనోహరి స్వరాలు వచ్చి పడతాయి. ఆ పైకి జరిగిన 'ని' వల్లే చివరి గెంతు నాలుగు ఫ్రెట్‌లకి తగ్గింది. కోస్మాకి గౌరీమనోహరి తెలుసని నేననడం లేదు, వాళ్ళు దాన్ని మెలోడిక్ మైనర్ అంటారు. మనకి పేరు తెలిసిన వస్తువే కాబట్టి మన పేరుతో గుర్తుపెట్టుకుంటే పోయేదేముంది?

ఇప్పుడు కఫేలో అమ్మాయి సంగతి చూడండి. ఈ-మైనర్ కావాలంది. 'స' వెళ్ళి ఈ మీద కూర్చుంటుంది. సరిగ ద, నిసరి ప... అది మారుతుందా? మారదు. నేను ట్యాబ్ అంకెలకి బదులు ఈ నాలుగు ముక్కలు నోటికి తెచ్చుకుని ఉంటే ఆ రాత్రి నా పరువు దక్కేది.

ఒక్క తీగ మీద వచ్చాక మిగతా తీగల మీద కూడా ఒక్కొక్కదాని మీదే వాయించండి, తర్వాత రెండేసి తీగలు, తర్వాత మీ ఇష్టం. ఇంకో చిన్న సంగతి, ఇది ఎవరూ చెప్పరు. గిటార్‌కి రాసిన స్వరం వినపడేది ఒక ఆక్టేవ్, అంటే ఒక స్థాయి, కింద. కాగితం మీద ఉన్న చోటే వాయిస్తే ట్యూన్ మధ్య తీగల్లో కూరుకుపోయి బొంగురుగా ఉంటుంది. అందుకే మనవాళ్ళు సాధారణంగా ఒక ఆక్టేవ్ పైకి తీసుకెళ్ళి మొదటి రెండు తీగల మీద వాయిస్తారు. పైన ట్యూన్ తేటగా వినిపిస్తుంది, కింద కార్డ్‌కి చోటు ఉంటుంది.

కార్డ్ అన్నాను కదా, ఇక్కడ ఒక అందం ఉంది, కొంచెం ఓపిక పట్టండి. మొదటి గెంతు దిగిన స్వరం ఈ-ఫ్లాట్. కింద కార్డ్ సీ-మైనర్ సెవెన్. కార్డ్ పేరులోని స్వరాన్ని ఒకటి అనుకుని లెక్కపెడితే, దానికి ఈ-ఫ్లాట్ మూడో స్వరం. స్వరం అలాగే నిలబడి ఉంటుంది, కింద కార్డ్ ఎఫ్ సెవెన్‌కి మారుతుంది. ఇప్పుడు అదే ఈ-ఫ్లాట్ ఏడో స్వరం అయిపోయింది. కదలకుండా కూర్చున్న మనిషికి చుట్టూ ఇల్లు మారిపోయినట్టు! రెండో ముక్కలో డి కూడా అంతే, బీ-ఫ్లాట్ మేజర్ మీద మూడోది, ఈ-ఫ్లాట్ మేజర్ వచ్చేసరికి ఏడోది. మూడో ముక్కలో సీ కూడా అంతే. కార్డ్స్ ఎలా నడుస్తున్నాయో ట్యూనే చెప్పేస్తోంది మీకు. మూడు, ఏడు పట్టుకుని సోలో కట్టమని పుస్తకాలన్నీ చెబుతాయి కదా, గైడ్ టోన్స్ అని? ఆ పాఠం మొత్తం ఈ పాట ట్యూన్‌లోనే పెట్టి ఉంది. నేను దాన్ని పక్కన పెట్టి చార్టులు అంటించుకున్నాను.

గిటార్‌కి ఉన్న జబ్బు ఏంటంటే స్వరం నిలబడదు. మీటగానే చావడం మొదలెడుతుంది. గాయకుడు ఆ ఈ-ఫ్లాట్‌ని ఊపిరి ఉన్నంతసేపు పట్టుకుంటాడు, మనం ఏం చేస్తాం? టెన్షన్ వచ్చి ఆ ఖాళీలో ఏదో ఒక గబగబా పరుగు పెట్టేస్తాం. పెట్టకండి. ఖాళీని ఖాళీగా ఉంచడం నేర్చుకోండి, అది చేతకాకపోతే ఒక కార్డ్ పెట్టండి. మూడు తీగలు చాలు, ఒకటి, రెండు, మూడు. రాసుకునేవాళ్ళు రాసుకోండి, మొదటి తీగ నుంచి చెబుతున్నాను. మొదటి గెంతు దగ్గర 11, 11, 12. రెండోదానికి 10, 10, 10. మూడోదానికి 8, 8, 8. నాలుగోదానికి 6, 6, 7. పైన వినపడేది ట్యూన్ స్వరమే. రూట్, అంటే ఆ ఒకటో స్వరం, లేదు కదా అంటారేమో, బేస్ వాయించేవాడు ఉన్నాడు కదా, అతన్ని చూసుకోనివ్వండి. రెండే ఆకారాలు, నాలుగు చోట్లు. ట్యూన్, కార్డ్ రెండూ కలిపి వాయించే కార్డ్ మెలొడీకి ఇదే తొలి మెట్టు. గిటారిస్టు జో పాస్ ఒక్కడే కూర్చుని పాట మొత్తం వాయించేస్తుంటే మనకి మతిపోతుంది, కానీ ఆయనక్కూడా ముందు పైన ట్యూన్, తర్వాతే కింద మిగతాదంతా.

ఊపిరి సంగతి ఇంకొంచెం చెప్పాలి. సాక్సఫోన్ వాయించేవాడికి ఊపిరి అయిపోతుంది కాబట్టి వాక్యం చివర ఆగుతాడు. మనకి ఆ ఇబ్బంది లేదు, అదే మన ఖర్మ. అందుకని వాయించేటప్పుడు నోటితో కూడా పాడండి, ఎక్కడ ఊపిరి తీసుకుంటే అక్కడ వేళ్ళు ఆపండి. పాట మాటలు కూడా నేర్చుకోండి. డెక్స్టర్ గోర్డన్ అని పెద్ద సాక్సఫోన్ ఆయన, నెమ్మది పాట వాయించే ముందు ఆ పాట మొదటి మాటలు స్టేజీ మీద గంభీరంగా చదివేవాడు. మాట ఎక్కడ విరుగుతుందో తెలియకుండా ట్యూన్ ఎక్కడ విరవాలో ఎలా తెలుస్తుంది?

తాళం గురించి ఒక్క ముక్క. ఈ పాట ఒకటో బీట్ మీద ఎత్తుకోదు. ఒకటి వదిలేసి రెండు, మూడు, నాలుగు మీద మూడు మెట్లూ ఎక్కి, పక్క ఆవర్తం మొదట్లో గెంతు దిగుతుంది. మనవాళ్ళు అనాగతం అంటారే, ఆ ఎత్తుగడ. మనకి చప్పట్లు ఒకటి మీద కొట్టే అలవాటు. లయ కొట్టే మెట్రోనోమ్‌ని రెండు, నాలుగు మీద పెట్టుకుని వాయించండి. మొదటి వారం నరకంలా ఉంటుంది.

గమకాలు వేయొచ్చా అని ఇందాక బయట టీ తాగుతుంటే ఒక తమ్ముడు అడిగాడు. వేయొచ్చు, కానీ ముందు వేయకుండా వాయించడం రావాలి. మనకి తెలియకుండానే ప్రతి నిడుపు స్వరాన్నీ ఊపేస్తాం, సినిమా పాట అలవాటు. కింది ఫ్రెట్ నుంచి ఒక చిన్న స్లైడ్, ఎక్కడైనా ఒకటి, చాలు. చారులో ఇంగువలా.

వెస్ మాంట్‌గోమరీ పేరు అందరూ విన్నారు కదా. ఇండియానాపొలిస్ మనిషి, పగలు ఫ్యాక్టరీలో పని, రాత్రి క్లబ్బుల్లో గిటార్. తనకంటే ముందు పేరు తెచ్చుకున్న జాజ్ గిటారిస్టు చార్లీ క్రిస్టియన్ రికార్డులు విని, ఆ సోలోలు మక్కీకి మక్కీ చెవితో పట్టి నేర్చుకున్నాడు. పొరుగువాళ్ళ నిద్ర చెడకూడదని తీగ మీటే బిళ్ళ, పిక్, వదిలేసి బొటనవేలితో మీటేవాడని కథ చెబుతారు. మన అపార్ట్‌మెంట్లలో ఆఫీసు నుంచి వచ్చి రాత్రి పదికి గిటార్ తీసేవాళ్ళం మనం, అందుకే ఆ కథ నాకు బాగా నచ్చుతుంది. మన దేశంలో కూడా కోల్‌కతాలో జాజ్ గిటారిస్టు కార్ల్‌టన్ కిట్టో ఉండేవారు, 2016లో పోయారు. ఆయనకీ స్ఫూర్తి చార్లీ క్రిస్టియనే. వీళ్ళెవరూ చార్టులతో మొదలెట్టలేదు.

...ఏంటమ్మా? ఎన్ని పాటలు నేర్చుకోవాలి అంటున్నారు. ఏడాదికి మూడు. నిజంగా మూడే. 'ఆటమ్ లీవ్స్', 'సమ్మర్‌టైమ్', 'బ్లూ బోసా'. మూడూ నెమ్మదిగా పోతాయి, స్వరాలు తక్కువ. బీబాప్ అనే వేగమైన జాజ్ ట్యూన్‌ల జోలికి ఇప్పుడే పోకండి, అవి వేలి కసరత్తుకి బాగుంటాయి గానీ పాడటానికి నోరు తిరగదు. ఒక్కో పాట మూడు శ్రుతుల్లో, కనీసం రెండు చోట్ల, కాగితం లేకుండా. నలభై పాటల ఫోల్డర్ ఫోన్‌లో పెట్టుకుని ఒక్కటీ రాకపోవడం కంటే ఇది నయం కదా?

ఇంప్రొవైజేషన్, అప్పటికప్పుడు కల్పించి వాయించడం, ఎప్పుడు అని ఆ చివర నుంచి అడుగుతున్నారు. మొదలైపోయింది బాబూ, మీరే చూసుకోలేదు. ట్యూన్ వాయిస్తూ ఒకచోట ఒక స్వరం ఆలస్యంగా పెట్టారనుకోండి, అదే ఇంప్రొవైజేషన్. ఇంకోచోట స రి గ బదులు స గ అని దాటేశారు, అదీ అదే. అలా ట్యూన్‌ని కొంచెం కొంచెం కొరుక్కుంటూ పోండి. ఎక్కడైనా దారి తప్పితే ట్యూన్‌కి తిరిగొచ్చేయండి, ఇల్లు అక్కడే ఉంటుంది.

టైం ఎంతైంది? హాలు వాళ్ళు ఏడున్నరకి ఖాళీ చేయమన్నారు, ఇంకా ఇరవై నిమిషాలు ఉంది. నేను మాట్లాడింది చాలు. గిటార్‌లు తెచ్చినవాళ్ళు బయటికి తీయండి. లేనివాళ్ళు పాడండి, శ్రుతి నేను ఇస్తాను. కాగితాలు లోపల పెట్టేయండి, తమ్ముడూ ఫోన్ కూడా. రెండో తీగ, 8వ ఫ్రెట్. ఒకటి వదిలేసి, రెండు మీద ఎత్తుకుందాం.